పిలవని పేరెంటు

ఒక దోమ వల్ల ఇంత కథ నడుస్తుందని నేననుకోలేదు.

జూన్‌లో బళ్ళు తెరిచాక వచ్చిన మొదటి శనివారం. మా హర్షగాడి నాలుగో తరగతి 'సి' సెక్షన్ గదిలో పాతికమంది తల్లులం, నలుగురు తండ్రులూ పిల్లల బల్లల్లో ఇరుక్కుని కూర్చున్నాం. మోకాళ్ళు గడ్డానికి ఆనుతున్నాయి. "పేరెంట్స్ తరఫున ఒకరు వాలంటీర్‌గా ఉంటే మాకూ మీకూ సుళువు. ఎవరు ముందుకొస్తారు?" అని వైస్ ప్రిన్సిపాల్‌గారు అడిగీ అడగ్గానే గదిలో తలలన్నీ ఫోన్లలోకి వంగిపోయాయి. సరిగ్గా అప్పుడే ఒక బెజవాడ దోమ నా చెవి దగ్గర పాట అందుకుంది. తోలుకుందామని చెయ్యెత్తాను.

చప్పట్లు కొట్టేశారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "జీతం లేదు, సెలవుల్లేవు, తిట్లు మాత్రం ఉంటాయి. కంగ్రాట్స్," అన్నాడు. మా అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "పిలవని పేరంటానికి వెళ్ళినట్టుంది నీ వరస," అంది. పేరెంటుకీ పేరంటానికీ ఉన్న చుట్టరికం నాకు తట్టింది అప్పుడే. రెండింట్లోనూ పని ఒకటే. ఇల్లిల్లూ తిరిగి పిలవాలి, కూర్చోబెట్టాలి, శనగలు అందరికీ సమానంగా పంచాలి. ఎవరికి తాంబూలం ముందిచ్చామో, ఎవరికి వెనక ఇచ్చామో జన్మంతా గుర్తుపెట్టుకునేవాళ్ళని భరించాలి.

ప్రభుత్వ బడుల్లో అయితే దీనికో పద్ధతుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడికో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం మీద సగం మంది ఆడవాళ్ళయి ఉండాలి. ఎవరి సొమ్మూ తీసుకోకుండా నడిచే ప్రైవేటు బళ్ళకి ఆ నిబంధన వర్తించదు. (ఎవరి సొమ్మూ అంటే సర్కారు సొమ్ము అని. మన సొమ్ము లెక్కలోకి రాదు.) అంచేత మా రాజ్యాంగం, మా శాసనసభ, మా రచ్చబండ అన్నీ వాట్సాప్ గ్రూపే.

'4సి పేరెంట్స్' అని పేరు పెట్టాను. బడివాళ్ళ సొంత యాప్ వేరే ఉంది. అందులో వాళ్ళు చెబితే మనం వినాలి, మనమేదైనా రాస్తే ఎవరు చదువుతారో ఆ పానకాలస్వామికే తెలియాలి. టీచర్లకు బడివాళ్ళు ప్రత్యేకంగా నంబర్లిచ్చారు. సొంత నంబర్లు పేరెంట్స్‌కి ఇవ్వకూడదని రూలు. మా గ్రూపు అలా కాదు. మొదటి మెసేజి నేనే పెట్టాను, ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "ఇది మన గ్రూపు. టీచర్లెవరూ లేరు. ఫ్రీగా మాట్లాడుకోండి."

నంబర్ల కోసం మా వాడి చేత తరగతిలో అందరికీ చీటీలు పంచిపెట్టించాను, 'మీ మమ్మీ నంబరు రాయించుకుని రా' అని. 42 మంది పిల్లలు. అందులో కవలలొక జత కాబట్టి 41 చీటీలు రావాలి. మూడు రోజుల్లో వచ్చాయి. కొన్నింటి మీద పప్పు మరకలు, ఒకదాని మీద తొమ్మిదే అంకెలు. ఒక్కొక్క నంబరే ఎక్కించుకుంటూ 'ఫలానా పిల్ల వాళ్ళ మమ్మీ' అని రాసుకున్నాను. ఈ లోకంలో ఎవరికీ సొంత పేరుండదు. ఒకావిడ బ్యాంకు మేనేజరు, ఒకావిడ పళ్ళ డాక్టరు, ఒకావిడకి పటమటలో రెండు బ్యూటీపార్లర్లు. ఇక్కడ అందరూ ఎవరో ఒకరి మమ్మీలే. నెల తిరిగేసరికి పాలవాడు ఫోన్ చేసి ఎవరండీ అంటే, "హర్ష వాళ్ళ మమ్మీని," అన్నాను.

మొదటి నెల బాగానే గడిచింది. పొద్దున్నే తులసికోట బొమ్మల శుభోదయాలు, రాత్రి పదింటికి హోంవర్కు ప్రశ్నలు. రాజకీయాలు వద్దని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ, "ఇది రాజకీయం కాదండీ, నిజం," అన్నారు. తన్వి వాళ్ళ డాడీ మాత్రం ఏం పెట్టినా కింద ఓ సందేహం పెట్టేవారు. పిక్నిక్‌కి టోపీ పంపమంటే, "ఏ సైజు? బడి ఇస్తుందా, మనం కొనాలా? కొంటే బిల్లు ఎవరి పేరు మీద?" ఆయన ఆడిటరు. ఇంట్లో ఎవరూ జవాబు చెప్పరు కాబోలు.

నాకు పేరు తెచ్చింది సౌరకుటుంబం చార్టు. ఒకరోజు సాయంత్రం పిల్లలు బడినుంచి వచ్చి, రేపటికల్లా గ్రహాలన్నీ అట్ట మీద అతికించి తెమ్మన్నారని చెప్పారు. రాత్రి ఎనిమిదిన్నరకి గ్రూపు భగ్గుమంది. "హోంవర్కు పిల్లలకా మనకా?", "ఈ కొత్త మేడంకి పిల్లల్లేరేమో, ఉంటే తెలిసేది," "మావారు శనిగ్రహానికి వలయం కోసం కానూరు మొత్తం తిరుగుతున్నారు." నేనూ ఊరుకోలేదు. "ఆవిడకి కొత్త కదా, పేరు తెచ్చుకోవాలని మన ప్రాణాలు తీస్తోంది," అని గ్రూపులో పెట్టి, ఆ ఊపులోనే బడి యాప్‌లో కూడా ఒక మర్యాదైన ఫిర్యాదు పడేశాను. మర్నాడు డైరీల్లో మేడం రాసి పంపారు, చార్టు శుక్రవారం తెచ్చినా చాలని. గ్రూపంతా నాకు దండాల బొమ్మలు. బడి యాప్ ఇంత చురుగ్గా పనిచేస్తుందని నాకూ అప్పుడే తెలిసింది. తెలిసిందనుకున్నాను.

గ్రూపులో పలకనివాళ్ళు చాలామందే ఉంటారు గానీ, నా కళ్ళు చరిత వాళ్ళ మమ్మీ మీద పడ్డాయి. చరిత ఆ ఏడే చేరిన పిల్ల. వాళ్ళమ్మ ఫోటో ఉండాల్సిన చోట ఒక ముద్దమందారం. శుభోదయం లేదు, పుట్టినరోజు శుభాకాంక్షలు లేవు, తిట్లలోనూ లేదు, దండాల్లోనూ లేదు. రాత్రి పదిన్నరకి ఎవరైనా గాభరాగా, "రేపు డిక్టేషన్ ఏ లెసన్?" అంటే మాత్రం రెండు నిమిషాల్లో జవాబు పడేది. "3వ పాఠం, 27వ పేజీ, మొదటి పది పదాలు." అంతే, మళ్ళీ మాయం. ఎప్పుడూ తప్పు చెప్పిన పాపాన పోలేదు.

అందుకు మెచ్చుకోవాలి కదా. నేను మెచ్చుకోలేదు, ఎందుకంటే ఆవిడ ఒక్క మీటింగుకీ వచ్చింది కాదు. జులైలో మొదటి పేరెంట్స్ మీటింగుకి హాజరు పట్టీ నేనే రాశాను. చరిత పేరుకి ఎదురుగా ఖాళీ. ఆగస్టు పదిహేనుకి జెండా వందనానికి తల్లులందరం తెల్ల చీరల్లో వెళితే, ఆ పిల్ల ఒక్కతే వరసలో ముందు నిలబడి పాడింది. వాళ్ళవాళ్ళెవరూ వచ్చినట్టు లేరు. పైగా మా వాడిది మొదటి ట్రిప్పు బస్సు. వాడు తరగతిలోకి వెళ్ళేసరికే చరిత వచ్చి కూర్చుని ఉంటుందట. సాయంత్రం వీళ్ళ బస్సు కదిలేటప్పటికి కూడా ఇంకా అక్కడే వరండాలో ఆడుకుంటూ ఉంటుందట.

"కొందరంతే. కనేసి, బడికి అప్పజెప్పి చేతులు దులుపుకుంటారు," అన్నాను అన్నాలప్పుడు మా ఆయనతో.

"అమ్మా, చరిత వాళ్ళ మమ్మీ..." అంటూ హర్షగాడు మొదలెట్టాడు.

"పెద్దవాళ్ళ మాటల్లో దూరొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? తిని, పదమూడో ఎక్కం అప్పజెప్పు."

వాడు పదమూడో ఎక్కం తప్పుల్లేకుండా అప్పజెప్పాడు.

ఆ మధ్యే గ్రూపులో ఒక ఘోరం జరిగింది. ఒకావిడ వాళ్ళత్తగారి గురించి చెల్లెలికి పంపాల్సిన మెసేజి మా గ్రూపులో పడేసింది. ఫ్రిజ్‌లో జీడిపప్పు ఎక్కడ దాస్తుందో కూడా ఉంది అందులో. ఆవిడ చూసుకునేసరికి మూడోరోజు. రెండు రోజులు పైబడితే పెట్టిన మెసేజిని అందరి ఫోన్లలోంచీ తీసేయడం కుదరదు. మనకి మనం తీసుకుంటాం, అవతలివాళ్ళ దగ్గర అలాగే పడి ఉంటుంది. "పెట్టేముందు ఒకసారి చూసుకోవాలండీ," అని నేను నీతి చెప్పాను. నోటిమాటకైతే ఆ రెండు రోజుల గడువు కూడా లేదు. నా పెళ్ళిచూపుల్లో మా అత్తగారి తోడికోడలు, కాఫీ గ్లాసు అందుకుంటూ, "పిల్ల కళగానే ఉంది, కాస్త రంగే తక్కువ," అంది. పన్నెండేళ్ళయింది. ఆవిడ ఎదురుపడి కుశలమడిగినా నాకు అదే వినబడుతుంది.

ఆగస్టు మూడోవారం దాటాక అసలు పని మొదలైంది. సెప్టెంబరు 5. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో పుట్టిన రోజు. ఆయన రాష్ట్రపతి అయిన 1962 నుంచీ దాన్ని ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇంటిపేరు నెల్లూరు జిల్లా ఊరిది, 1931 నుంచి ఐదేళ్ళు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్. అంత పెద్దాయన పుట్టినరోజున మేం చేసే పనేమిటంటే, తలా 250 రూపాయలు వసూలు చేయడం. బహుమతులేవీ తేవద్దని బడి ఏటా ఒక సర్క్యులర్ పంపుతుంది. వద్దనడం వాళ్ళ మర్యాద, ఇవ్వడం మన మర్యాద అని గ్రూపు తీర్మానించింది.

మనిషి నైజం తెలుసుకోవాలంటే అప్పు ఇచ్చి చూడాలంటారు. అంత అక్కర్లేదు, చందా అడిగితే చాలు. మొదటి రోజు పన్నెండుమంది కట్టారు. ఒకావిడ శుభమని 251 పంపింది. ఆ ఒక్క రూపాయి తర్వాత నా ప్రాణం తీసింది. ఒకావిడ కొడుకు పెన్సిల్ బాక్సులో నోట్లు పెట్టి పంపితే, దారిలో వాడు పది రూపాయలకి ఐస్‌క్రీం తినేసి, మిగతాది మా వాడికిచ్చి, 'ఆంటీకి చెప్పకు' అన్నాడట. కవలల తండ్రి ఫోన్ చేసి, ఇంటికొక చందాయా, తలకొక చందాయా తేల్చమన్నాడు. ఇంటికొకటే అన్నాను. "అయితే గ్రీటింగ్ కార్డులో ఇద్దరి పేర్లూ ఉంటాయిగా?" అన్నాడు. నలుగురైదుగురు, "మావారు పంపుతారండీ," అన్నారు. ఆ మావార్లని అడిగితే, "ఆవిడ పంపలేదా?" అన్నారు. మా అత్తగారు ఇదంతా వింటూ, "గుడి కట్టడానికైనా ఇంత తిరగలేదే మా నాన్న," అంది.

ఇక్కడ నేను నేర్చుకున్న విద్య ఒకటుంది. మనం పెట్టిన మెసేజి మీద కాసేపు వేలు ఆనించి వివరాల్లోకి వెళితే, ఎవరెవరు చదివారో గంటా నిమిషాలతో సహా వస్తుంది. నీలం టిక్కులు కనబడకుండా ఆపుకున్నవాళ్ళు కూడా గ్రూపులో మాత్రం దొరికిపోతారు. రాత్రి అందరూ పడుకున్నాక నేను ఆ పట్టీ ముందేసుకుని కూర్చునేదాన్ని. చదివి ఊరుకున్నవాళ్ళు, చదివి బొటనవేలు చూపించి ఊరుకున్నవాళ్ళు, అసలు చదవనివాళ్ళు. "పోలీసు డిపార్టుమెంటులో చేరాల్సింది నువ్వు," అన్నాడు మా ఆయన. పది రోజులకి 40 మంది కట్టారు.

మిగిలిన ఒక్కరూ ఎవరో చెప్పక్కర్లేదు. చదివేది. ప్రతిసారీ, అందరికంటే ముందే చదివేది. కట్టేది కాదు.

ఆదివారం నాడు ఇంకో ఇద్దరు తల్లుల్ని వెంటేసుకుని వారధి దాటి మంగళగిరి వెళ్ళాను. బెజవాడలో చీరలు దొరక్కనా అనొచ్చు. మగ్గం దగ్గర కొంటే మూడొందలు కలిసొస్తుందని ఒకావిడ, ఎలాగూ స్వామి దర్శనం అవుతుందని ఒకావిడ. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు 1807లో మొదలెట్టి రెండేళ్ళలో లేపిన పదకొండంతస్తుల గాలిగోపురం కింద చెప్పులు వదిలి లక్ష్మీనరసింహుణ్ణి చూసుకుని, కొండెక్కి పానకాలస్వామికి బిందెడు పానకం పోయించాం. ఎంత పోసినా సగం పుచ్చుకుని సగం ప్రసాదంగా వదిలేస్తాడు స్వామి. "ఈయన నయం," అన్నాను. "మన గ్రూపులో కొందరు మొత్తం పుచ్చుకోవడమే గానీ విదిల్చేదేం లేదు." ఇద్దరూ నవ్వారు. ఎవరి గురించో వాళ్ళకీ తెలుసు.

నేతవాళ్ళ వీధిలో గుంటమగ్గం చప్పుడు వినబడే ఇంట్లోనే కొట్టు. మంగళగిరి చీరకి ఒంటి మీద బుటాలూ పువ్వులూ ఉండవు. సాదా నేత, జరీ అంచు, అంతే. కాబట్టి గొడవంతా రంగు దగ్గరే వస్తుంది. నిజాం అంచులో రెండు నచ్చాయి. ఒకటి లేత గంధం రంగు. రెండోది చామంతి పసుపు, మెరూన్ అంచు. చాప మీద విప్పితే గదిలో దీపం పెట్టినట్టుంది అది. రెండూ 2,400 రూపాయలే. పక్కపక్కన పరిచి, కొట్టు పేరు కూడా పడేట్టు ఫోటో తీసి, గ్రూపులో పోలింగ్ పెట్టాను. ప్రజాస్వామ్యం కదా.

మొదట నాలుగు ఓట్లు పసుపుకే పడబోయాయి. పడబోయాయని ఎందుకంటున్నానంటే, "పసుపు భలే ఉందండీ," అని ముగ్గురు నలుగురు రాస్తున్నారు, నేను ఆపాను. నాకు పసుపు నచ్చలేదని కాదు. చీర విప్పినప్పుడు ముందు చెయ్యి వేసింది దాని మీదే. కానీ వాలంటీరన్నాక ఒక బాధ్యత ఉంటుంది. ఇలా పెట్టాను:

"మేడం కొంచెం రంగు తక్కువ కదండీ. పసుపు ఆవిడకి ఎత్తికొట్టినట్టుంటుంది. లేత రంగే సేఫ్."

నోరు మూసుకుని నవ్వే బొమ్మలు వచ్చాయి. "కరెక్టే," "అవును, నేనూ అదే అనుకున్నా," "మీ అబ్జర్వేషన్ సూపర్ అండీ." అరగంటలో గంధం రంగుకి 32 ఓట్లు. పసుపుకి ఒకటి.

ఒక్క ఓటు. ఎవరా అని తెరిచి చూశాను. ముద్దమందారం.

"చూశారా! పైసా విదల్చలేదు గానీ ఓటు మాత్రం వేసింది," అన్నాను పక్కావిడతో. కొట్టాయన గంధం చీర మడత పెడుతూ, "పసుపు తీసెయ్యమంటారా అమ్మా?" అన్నాడు. తీసెయ్యమన్నాను.

మిగతా నలుగురు టీచర్లకి డ్రెస్ మెటీరియల్స్, ఇద్దరు ఆయాలకి నూలు చీరలు కూడా అక్కడే తీసుకుని, చీకటి పడ్డాక ఇల్లు చేరాం. కాళ్ళు లాగుతున్నాయి. ఆటోకిచ్చిన డబ్బు ఎవర్నీ అడగలేను. వంటింట్లో అత్తగారు గిన్నెలు చప్పుడు చేస్తోంది. ఆ చప్పుడుకి అర్థం నాకు తెలుసు. ఆ కాకంతా ఎక్కడో ఒకచోట దింపాలి. గ్రూపు తెరిచాను.

"అందరికీ థాంక్స్. 41 మందిలో 40 మంది కట్టారు. ఒక్కరు మాత్రమే బాకీ, పేరు చెప్పను, వాళ్ళకే తెలుసు. 250 ఈ రోజుల్లో పెద్ద మొత్తమేం కాదు. మన పిల్లలకి చదువు చెప్పే టీచరు మీద ఆ మాత్రం గౌరవం ఉండాలి. కట్టనివాళ్ళు ఓట్లు కూడా వెయ్యకపోతే బాగుంటుంది."

పేరు చెప్పనన్నాను గానీ, ఓటు అన్నాక ఇంకా చెప్పేదేముంది. పెట్టింది 9:40కి. 9:42కి ఫోను టింగుమంది. 250 రూపాయలు వచ్చాయి, ఎవరో మగపేరు మీద. వాళ్ళాయన అయ్యుంటాడు. వెనకే గ్రూపులో ఒక మెసేజి, హోంవర్కు కాకుండా ఆవిడ రాసిన మొట్టమొదటి మాట:

"సారీ అండీ. నేను కట్టాలనుకోలేదు."

"అంటే? కట్టే ఉద్దేశమే లేదన్నమాట!" అన్నాను మా ఆయనకి చూపించి. ఆయన చదివి, "సారీ చెప్పిందిగా, వదిలెయ్," అన్నాడు. నేను విజయగర్వంతో నమస్కారం బొమ్మ పెట్టాను. హర్షగాడు నిద్రలో అటు తిరిగి పడుకున్నాడు.

సెప్టెంబరు 5న తల్లుల్ని మధ్యాహ్నం అరగంట లోపలికి రానిచ్చారు. కేకు కోశారు, పిల్లలు పాట పాడారు. చీర పెట్టె నేనే అందించాను, ఫోటోకి బాగుంటుందని కాస్త పక్కకి తిరిగి. మేడం, "ఎందుకండీ ఇవన్నీ," అంటూ తెరిచి, కొసవరకూ చెయ్యి పోనిచ్చి చూశారు.

"లేత రంగేనా," అని నవ్వారు.

"అందరం కలిసి ఎంచామండీ."

"అందరూ కట్టారా? ఎవరికైనా ఇబ్బంది అయిందేమో."

"41 మందీ కట్టారు మేడం. ఒక్కరంటే ఒక్కరు కూడా మిగల్లేదు," అన్నాను. ఆ మాట అనడానికే కదా ఇన్నాళ్ళూ తిరిగింది. మేడం ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "కష్టపడ్డారు," అన్నారు. ఎవరో ఒకరు ఆ మాట అన్నారు కదా అని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనయింది.

ఆ నీళ్ళు మర్నాడే ఇంకిపోయాయి. తన్వి వాళ్ళ డాడీ లెక్క అడిగారు. మొత్తం 10,251. చీర, డ్రెస్ మెటీరియల్స్, ఆయాల చీరలు, కేకు, బొకేలు అన్నీ కలిపి సరిగ్గా 10,000. మిగులు 251. బిల్లులన్నీ ఫోటోలు తీసి పెట్టాను. ఆయన రాత్రంతా చూసి, "251ని 41తో భాగిస్తే తలా ఆరు రూపాయల పన్నెండు పైసలు. వాపసు ఇస్తారా, వచ్చే ఏడాదికి జమ చేస్తారా?" అన్నారు. 251 పంపినావిడ, అయితే తనకి ఏడు పైచిలుకు రావాలంది. ఆ 251 హుండీలో వేసి వస్తానన్నాను. ఏ గుడి హుండీ అని దాని మీద ఇంకో పోలింగ్ నడిచింది. నేను నోరు విప్పలేదు. నేర్చుకున్నానన్నమాట.

దసరా సెలవులయ్యాక మళ్ళీ పేరెంట్స్ మీటింగు. వరసలో చివర నిలబడ్డాను. వాలంటీరు ముందు దూరితే మళ్ళీ అదో మాట. నా వంతు వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. వరండా ఖాళీ. గదిలో మేడం, చివరి బల్ల మీద ఒక పిల్ల రంగుల పెన్సిళ్ళేసుకుని బొమ్మ దిద్దుకుంటోంది, అంతే.

మేడం కట్టుకున్న చీర చూసి గుమ్మంలోనే ఆగాను. చామంతి పసుపు, మెరూన్ నిజాం అంచు. కిటికీలోంచి పడే ఎండలో, దాని పక్కన ఆ చామనఛాయ మెరుస్తోంది. నిజం చెప్పొద్దూ, అమ్మవారిలా ఉన్నారు. ఇలాంటివి బోలెడు నేస్తారు మంగళగిరిలో అనుకున్నాను.

"చీర చాలా బాగుంది మేడం. ఈ రంగు మీకు భలే నప్పింది."

"థాంక్సండీ. కూర్చోండి."

హర్ష ప్రోగ్రెస్ కార్డు తీశారు. తెలుగు బాగుంది, లెక్కలు ఫర్వాలేదు, మాటలే కాస్త ఎక్కువ. "వాళ్ళ నాన్న పోలికండీ," అన్నాను. మేడం నవ్వలేదు. చివరి బల్ల మీద పిల్ల తలెత్తి నన్ను చూసి, మళ్ళీ బొమ్మలోకి దిగిపోయింది. అప్పుడు పోల్చుకున్నాను, చరిత. నాకు జాలేసింది. గొంతు తగ్గించి, మేడం వైపు వంగి అడిగాను.

"ఆ పాప వాళ్ళమ్మ ఇవాళ కూడా రాలేదాండీ? పాపం."

"వచ్చిందండీ."

వెనక్కి తిరిగి చూశాను. గుమ్మం ఖాళీ, వరండా ఖాళీ. "ఎక్కడా కనబడలేదే?"

మేడం ప్రోగ్రెస్ కార్డు నా వైపు తిప్పి, సంతకం పెట్టాల్సిన చోట వేలుంచి, పెన్ను అందించారు. నేను హర్ష వాళ్ళ మమ్మీ అని రాయబోయి, దిద్దుకుని, నా పేరు మొదలుపెట్టాను. ఆవిడ జారిన పసుపు కొంగు భుజం మీదికి సర్దుకున్నారు.

"ఈ చీరకి ఆ రోజు ఒక్క ఓటే పడిందండీ."